షోలాపూర్ సిద్ధేశ్వర చెరువుకి ఒక పూట ఉంచుకోండి

తుల్జాపూర్ భవానీ మొక్కుకో, పండరీపురానికో, అక్కల్‌కోటకో వెళ్లే మనవాళ్లలో చాలామందికి షోలాపూర్ అంటే బస్సు మారే ఊరే. స్టాండులో టీ తాగేసి తర్వాతి బస్సు ఎక్కేస్తారు. మేనత్తగారింట్లో పెళ్లి ఉండి ఈసారి నేను అక్కడ కాస్త నిలబడ్డాను, తీరిక దొరికినప్పుడల్లా సిద్ధేశ్వర చెరువు దగ్గరికే పోయాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, ఆ చెరువుకి కనీసం ఒక పూట ఉంచుకోండి.

ఊరి నడిబొడ్డున, ఆటోలు, బస్సులు, కూరగాయల బళ్ల మోత మధ్యలో అంత నీళ్లు ఉంటాయని అనుకోం. చెరువు మధ్యలో గుడి, ఒడ్డునే భుయికోట్ కోట. గుడిలో ఉన్నది 12వ శతాబ్దపు శివయోగి సిద్ధరామేశ్వరుడి సమాధి. బసవన్న కాలం మనిషి. ఈ చెరువు తవ్వించింది, ఊరి చుట్టూ 68 లింగాలు ప్రతిష్ఠించింది ఆయనేనని అక్కడివాళ్ల నమ్మకం. గుడిలో మరాఠీ, కన్నడం, తెలుగు మూడూ ఒకేసారి వినిపిస్తుంటే మనం వేరే రాష్ట్రంలో ఉన్నట్టే ఉండదు.

ఏ వేళకి పోవాలంటే, నా ఓటు పొద్దుటికే. మా వదిన ముందే చెప్పింది, "పొద్దుగాల్నే పోండ్రి, ఎండెక్కినంక ఆ బండల మీద కాలు పెట్టనియ్యదు" అని. అక్షరాలా నిజం, షోలాపూర్ ఎండ మామూలు ఎండ కాదు. తెల్లవారగానే వెళ్తే నడక వాళ్లు, నీళ్ల మీద కొంగలు, చల్లగాలి, కూర్చోవడానికి కావలసినంత చోటు. సాయంత్రం దీపాల వెలుగు బాగుంటుంది కానీ జనం, బళ్లు, పార్కింగ్ తలనొప్పి. పిల్లలుంటే ఒడ్డున కాస్త కనిపెట్టుకుని ఉండండి.

కోటని మాత్రం వదలొద్దు. బహమనీల కాలంలో మొదలైన కట్టడం, రెండు వరసల గోడలు, లోపల చెట్ల నీడ, పాత గుడి శిథిలాలు, బురుజు మీద నుంచి చూస్తే చెరువు మొత్తం కనిపిస్తుంది. పెద్దవాళ్లకి మెట్లు కష్టం, వాళ్లని కింద నీడలో కూర్చోబెట్టి పైకెళ్లండి. అటు నుంచి పార్క్ చౌక్ వైపు వస్తే నలుగురు హుతాత్ముల, అంటే అమరవీరుల, విగ్రహాలు ఉంటాయి. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ షిండే, శ్రీకిసన్ సారడా. 1930లో ఊరు తెల్లవాళ్ల మీద తిరగబడితే మార్షల్ లా పెట్టి, 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో వీళ్లని ఉరి తీశారు. పిల్లల్ని అక్కడ ఒక్క నిమిషం ఆపి ఈ సంగతి చెప్పండి.

బాధ కలిగించింది నీళ్ల ఒడ్డు. పూజ చేసిన పూలు, కొబ్బరి చిప్పలు, ప్లాస్టిక్ కవర్లు ఒక మూలకి చేరి వాసన కొడుతున్నాయి. దేవుడి పేరుతోనే దేవుడి చెరువుని పాడుచేస్తున్నాం, అది మనవాళ్లూ చేస్తున్నారు. నిర్మాల్యాన్ని నీళ్లలో వేయకండి, దయచేసి.

బస విషయానికొస్తే, మొదట స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రమే, చెరువుకి ఆటోలో దగ్గరే, కానీ వేడినీళ్లు ఉంటాయని చెప్పి డబ్బు కట్టాక పొద్దున ఒక గంటే వస్తాయన్నారు, రాత్రంతా కారిడార్‌లో గోల. తర్వాత ఊరి తూర్పు వైపు అత్తయ్య వాళ్లుండే పూర్వభాగ్‌కి మారాం. అశోక్ చౌక్, కన్నా చౌక్ వైపు అంతా మన పద్మశాలీలు. 1877లో ఇక్కడ నూలు మిల్లు వచ్చాక, తర్వాత మరమగ్గాలు పెరిగాక తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన కుటుంబాలు. దుకాణం బోర్డు మరాఠీలో, లోపల బేరం తెలుగులో. అక్కడ కుళాయి నీళ్లు రోజూ రావు, డ్రమ్ములు నింపుకుంటారు, చుట్టాలింట్లో దిగితే నీళ్లు చూసి వాడండి. చెరువు కోసమే వెళ్తే స్టేషన్ వైపే నయం, వేడినీళ్ల సంగతి మాత్రం ముందే అడగండి.

తిండికి ఇబ్బంది లేదు. కడక్ భాకరీ అనే గట్టి జొన్నరొట్టె, పల్లీల షేంగా చట్నీ, కాస్త పెరుగు ఉంటే చాలు. ఆ చట్నీ ఇంటికి కూడా కొనుక్కోండి, పాడవదు. ఆటోవాళ్లతో ఎక్కేముందే రేటు తేల్చుకోండి, స్టేషన్ బయట మొదట అడిగిన రేటుకి ఎక్కొద్దు.

సంక్రాంతికి వెళ్లాలా అంటే, జనం అంటే ఇష్టమైతే తప్పకుండా. నందిధ్వజాలనే పొడవాటి అలంకరించిన కర్రలు ఏడు ఊరేగి వస్తాయి, సిద్ధరామేశ్వరుడి యోగదండంతో ఒక కుమ్మరి అమ్మాయికి జరిగిందని చెప్పే పెళ్లిని చెరువు పక్కన సమ్మతి కట్ట దగ్గర మళ్లీ జరిపి అక్షతలు వేస్తారు, హోమ్ మైదాన్‌లో జాతర. అప్పుడు గదులు దొరకడం కష్టం, చాలా ముందే చూసుకోవాలి. ప్రశాంతంగా చెరువు చూడాలంటే వానలు తగ్గాక నవంబరు, డిసెంబరు మేలు.

హైదరాబాద్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 300 కిలోమీటర్లు. రైల్లో అయితే వాడి, కలబురగి మీదుగా. పొద్దున్నే దిగితే స్నానం చేసి నేరుగా గుడికి, అక్కడి నుంచి కోటకి, మధ్యాహ్నం భోంచేసి దుప్పట్లు కొనుక్కుని తుల్జాపూర్ బస్సెక్కొచ్చు, 45 కిలోమీటర్లే.