ఆరంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు: ఐదారేళ్ల వాడకం తర్వాత

ఐదారేళ్లుగా మా డాబా మీద వాడుతున్న ఆరంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు గురించి రాస్తున్నాను. అద్దం వ్యాసం 150 మిల్లీమీటర్లు, నాభ్యంతరం, అంటే అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం, 1200. ఈ కొలతలతో చాలా కంపెనీలు చేస్తున్నాయి, కట్టుబడి దాదాపు ఒకటే: పొడవాటి గొట్టం, దాన్ని మోసే చెక్క పీఠం. మోటారు లేదు, కంప్యూటర్ లేదు. మాది హైదరాబాదు, పాలపుంత కంటికి ఆనదు. గ్రహాల కోసమే కొన్నాను. ఆ పనికి ఇంతకు మించిన బేరం లేదు.

అంత గట్టిగా చెప్పడానికి కారణం యురేనస్. 1781 మార్చి 13న ఇంగ్లండులోని బాత్ పట్టణంలో, తన ఇంటి పెరట్లో ఖగోళ పరిశీలకుడు విలియం హెర్షెల్ దాన్ని పట్టుకున్నది ఇంచుమించు ఇంతే అద్దంతో. ఆయనది 6.2 అంగుళాలు, స్వయంగా సానపట్టుకున్న లోహపు అద్దం. అల్యూమినియం పూత పూసిన నేటి గాజు అద్దం అంతకన్నా ఎక్కువ వెలుగును కంటికి చేరుస్తుంది. ఆయన చేసిన పరీక్ష మనమూ చేయవచ్చు: ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) మార్చి పెద్దది చేసే కొద్దీ నక్షత్రం చుక్కగానే ఉంటుంది, గ్రహం బిళ్లగా పెరుగుతుంది. హెర్షెల్ మొదట దాన్ని తోకచుక్క అనుకున్నాడు. కక్ష్య లెక్కలు తేలాకే అది శనికి అవతల ఉన్న గ్రహమని రుజువైంది.

2025 చలికాలంలో యురేనస్ కృత్తికలకు దక్షిణంగా, కొద్ది డిగ్రీల దూరంలో ఉంది. 48 రెట్లు పెద్దది చేసి చూస్తే అది ఒక మామూలు చుక్క. 120 రెట్లలో ఆ చుక్క మీద అనుమానం మొదలవుతుంది. 200 రెట్లలో అనుమానం ఉండదు: చిన్న బిళ్ల, నీలం కలిసిన ఆకుపచ్చ. మామూలు కంటికి చందమామ ఎంత వెడల్పో అందులో సగం కూడా ఉండదు, అయినా దాని మీంచి కన్ను తీయబుద్ధి కాదు. 1690లో ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఫ్లామ్‌స్టీడ్ ఇదే గ్రహాన్ని చూసి వృషభ రాశిలో 34వ నక్షత్రంగా రాసుకున్నాడు. సూర్యుడి చుట్టూ ఒక చుట్టుకు దానికి 84 ఏళ్లు. నాలుగు చుట్లు పూర్తి చేసుకుని ఇప్పుడు మళ్లీ ఆ చోటికే చేరుతోంది. ఈ సంగతి తెలిసి చూడటం వేరు, తెలియకుండా చూడటం వేరు.

నెప్ట్యూన్ ఈ అద్దంలో నీలి చుక్కే, అంతకు మించి ఆశించకండి. 2025లో శనికి దగ్గరగా ఉండటంతో తేలికగా దొరికింది. 1612 డిసెంబరులో గెలీలియోకూ అలాగే గురుడి పక్కన కనిపించింది. ఆయన దాన్ని నక్షత్రమనే గుర్తుపెట్టుకున్నాడు. గ్రహమని తేలింది 1846లో.

శని సంగతి నిదానంగా చెప్పాలి. ఒక్కసారి చూసి పక్కన పెట్టేవాళ్లకు దొరకనిది ఇక్కడే దొరుకుతుంది. 2020లో వలయాలు బాగా విచ్చుకుని ఉండేవి, వాటి మధ్యనున్న ఖాళీ, కసీనీ చీలిక, నల్లగా తెలిసేది. తర్వాత ఏటేటా మూసుకుంటూ వచ్చాయి. 2025 మార్చిలో భూమి వలయాల తలాన్ని (అవి పరుచుకున్న సమతలాన్ని) దాటింది, ఆ ఏడాది నవంబరులో ఒక సన్నని గీత మాత్రమే మిగిలింది. మళ్లీ పూర్తిగా విచ్చుకునేది 2032 ప్రాంతంలో. మా అపార్టుమెంటులో శనివారం తప్పకుండా నువ్వుల నూనె దీపం పెట్టే పెద్దావిడ ఒకరు మొదటిసారి చూసి, "ఇంత చక్కనివాడా, నాయనా!" అన్నారు. ఇప్పుడు ఏటా ఉంగరం ఎంత విచ్చుకుందో అడిగి మరీ మేడెక్కుతారు.

2020 డిసెంబరు 21న గురుడు, శని డిగ్రీలో పదో వంతు దూరంలోకి వచ్చినప్పుడు ఇద్దరూ, వాళ్ల చంద్రులూ 120 రెట్లలో ఒకే చూపులో ఇమిడారు. ఇది కొన్నందుకు ఆ ఒక్క సాయంత్రం చాలు.

గురుడి విషయంలో మన అక్షాంశం ఒక వరం. 2024, 2025 చలికాలాల్లో దాదాపు నడినెత్తికి వచ్చాడు, అడ్డుగా ఉండే గాలి తక్కువ. రెండు పట్టీలు ఎప్పుడూ కనిపిస్తాయి; గాలి నిలకడగా ఉంటే ఎర్ర మచ్చ లేతగా, గురుడి చంద్రుల్లో ఒకదాని నీడ పడితే నల్లని చుక్కగా తెలుస్తాయి. కానీ నడినెత్తిని చూడటం డాబ్సోనియన్‌కు చేతకాదు. అక్కడ పీఠం ఎంత తిప్పినా చూపు సరిగా కదలదు. గంట ముందో, గంట తర్వాతో చూసుకోవాలి.

ఇతర లోపాలు. దీనితో వచ్చిన 10 మిల్లీమీటర్ల ఐపీస్ నాసిరకం, అంచుల్లో బొమ్మ చెదురుతుంది. మంచి 6 మిల్లీమీటర్ల ఐపీస్ విడిగా కొనక తప్పదు. 120 రెట్లలో గ్రహం రెండు నిమిషాల లోపే చూపు దాటిపోతుంది, చేత్తో నెడుతూ ఉండాలి. అలవాటయ్యాక అది కష్టమనిపించదు. అద్దాల వరస కొన్ని నెలలకోసారి సరిచేయాలి. ఎండకు కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతుంది. అప్పుడు గ్రహం ఉడుకుతున్న నీళ్ల అడుగున నాణెంలా అల్లాడుతుంది. వేసవిలో తెల్లవారుజామునే చూడండి. వానకాలమంతా గొట్టానికి మూత పెట్టి పొడిచోట దాచాలి. కోస్తాలో ఉండేవాళ్లు అద్దానికి బూజు పట్టకుండా ఇంకా జాగ్రత్తపడాలి.

ఈ పీఠాన్ని రూపొందించిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు సన్యాసిగా ఉండేవాడు. ఓడ కిటికీల గాజుతో అద్దాలు అరగదీసి, టెలిస్కోపును వీధిలోకి తెచ్చి దారినపోయేవాళ్లందరికీ ఆకాశం చూపించాడు. మోటారు లేకపోవడం లోపమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మోటారు లేదు కాబట్టే ఇది మధ్యతరగతి ఇంటికి చేరింది.

ఫొటోలు తీయాలనుకునేవాళ్లు దీన్ని కొనవద్దు. కుజుడి కోసమే అయితే కూడా తొందరపడకండి: అతను దాదాపు 26 నెలలకోసారి దగ్గరికి వస్తాడు, 2027 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు కూడా చిన్నగానే ఉంటాడు. శని, గురుడు, యురేనస్ చాలనుకునేవాళ్లు నిశ్చింతగా తీసుకోండి. దసరా నాటికి చేతికి వస్తే వానలు వెనకబడ్డాక తేటపడే ఆకాశం మొత్తం మీదే.