బ్యాండ్‌లో లీడ్ వినపడాలంటే: ఇబానెజ్ టీఎస్9తో నా అనుభవం

టీఎస్9 అంటే గిటార్‌కీ ఆంప్‌కీ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టెకీ) మధ్య పెట్టే ఓవర్‌డ్రైవ్ పెడల్, గిటార్ శబ్దాన్ని కాస్త గరుకుగా పగిలేలా చేస్తుంది. ఈ పచ్చ పెడల్‌కి ఎన్ని నాబ్‌లు ఉన్నాయి, ఏ నాబ్ ఏం చేస్తుంది అన్నది గిటార్ వాయించే ప్రతివాళ్ళకీ తెలుసు. నేను చెప్పాలనుకుంటున్నది దాని మిడ్ గురించి, అంటే మరీ లావూ మరీ సన్నం కాని మధ్య శబ్దాల గురించి. బ్యాండ్ మొత్తం మోగుతుండగా గిటార్‌ని ముందుకు తెచ్చి నిలబెట్టే ఆ మిడ్ అంటే, ఏళ్ళ తరబడి వాడాక కూడా నాకు అంతే ఇష్టం.

మాది విజయవాడలో చిన్న ఆర్కెస్ట్రా. రిసెప్షన్లు, కాలేజీ ఫంక్షన్లు, క్రిస్మస్ సీజన్‌లో చర్చి కార్యక్రమాలు చేస్తుంటాం. వాయించేది ఎక్కువగా సినిమా పాటలే. బ్లూస్ రాక్ మీద నాకున్న పిచ్చి తీరేది పాట మధ్యలో ఎనిమిది లేదా పన్నెండు బార్ల (తాళం ఆవర్తాల) పాటు గిటార్ ఒంటరిగా ముందుకొచ్చే లీడ్‌లోనే. ఆ కాసేపైనా గిటార్ వినపడాలి కదా! కింద బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఉంటాయి. పైన సింబల్స్. కీబోర్డ్ సంగతి చెప్పక్కర్లేదు, రెండు చేతులతో అంతా ఆక్రమించేస్తుంది. ఇంట్లో అదిరిపోయిన డిస్టార్షన్ టోన్ స్టేజీ ఎక్కగానే అందులో కలిసిపోతుంది. టీఎస్9 అడుగున ఉన్న బేస్‌ని కోసేసి, 720 హెర్ట్జ్ చుట్టుపక్కల మిడ్‌ని లేపుతుంది. అంత రద్దీలో గిటార్‌కి మిగిలే సందు దాదాపు అక్కడే. అమెరికన్ బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ ట్యూబ్ స్క్రీమర్‌ని (టీఎస్9 ఆ కుటుంబంలోదే) ఫెండర్ ఆంప్‌లతో వాడింది కూడా ఈ లెక్కకి చక్కగా సరిపోతుంది. ఆ ఆంప్‌లలో మిడ్ కాస్త తక్కువ, ఈ పెడల్ ఆ లోటు పూడుస్తుంది.

నా సెట్టింగ్ ఇది. నాబ్ గీతని గడియారం ముల్లు అనుకోండి; డ్రైవ్ గరుకుని, లెవెల్ బయటికొచ్చే శబ్దాన్ని, టోన్ పదునుని మారుస్తాయి. డ్రైవ్ తొమ్మిది గంటల దగ్గర, లెవెల్ మూడు గంటల దగ్గర, టోన్ పదకొండు దగ్గర. ఆంప్ క్లీన్ ఛానెల్‌లో బేస్ 5, మిడిల్ 6, ట్రెబుల్ 4, రివర్బ్ (ప్రతిధ్వని) చాలా కొంచెం. డ్రైవ్ తక్కువగా ఉంచితేనే పిక్ దెబ్బకి తేడా తెలుస్తుంది. మెల్లగా మీటితే దాదాపు క్లీన్‌గా వస్తుంది, గట్టిగా లాగితే అరుస్తుంది. పాట మధ్యలో గిటార్ వాల్యూమ్‌ని ఆరుకి తగ్గిస్తే రిథమ్, పదికి పెంచితే లీడ్. కాలితో స్విచ్ నొక్కే పనే ఉండదు. ట్యూబ్ ఆంప్ ఉన్నవాళ్ళు శబ్దం సరిగ్గా పగలబోయే ముందు దాకా వాల్యూమ్ పెంచి, లెవెల్‌తో దాన్ని ముందుకు తోయాలి. నాది ట్రాన్సిస్టర్ ఆంప్. దాన్ని అలా తోస్తే మోటుగా పగులుతుంది కాబట్టి వాల్యూమ్ తగ్గించే వాడతాను.

మొదట్లో ఎవరు అడిగినా కళ్ళు మూసుకుని కొనమనేవాణ్ణి. ఇప్పుడు మాత్రం, "నీ వెనకాల ఏ ఆంప్ ఉంటుంది?" అని ముందు అడుగుతున్నాను. దానికి కారణం గుంటూరు లక్ష్మీపురంలో చేసిన ఒక రిసెప్షన్.

గిటార్ ఆంప్ ఉంటుందని సౌండ్ వాళ్ళు ఫోన్‌లో చెప్పారు. మేం మంగళగిరి మీదుగా అక్కడికి చేరేసరికి అది లేదు. "వేరే ఫంక్షన్‌కి వెళ్ళిపోయిందన్నా, డైరెక్ట్‌గా మిక్సర్‌కి ఇచ్చెయ్యండి, మన టాప్స్ (హాల్ స్పీకర్లు) బాగుంటాయి" అన్నాడు కుర్రాడు. పెడల్ నుంచి వైరు నేరుగా మిక్సర్‌కి పెట్టి తీగని పక్కకి వంచి మొదటి బెండ్ లాగాను. డబ్బాలో ఇరుక్కున్న కందిరీగలా ఉంది శబ్దం! ముందు వరసలో కూర్చున్న పిల్లలు చెవులు మూసుకున్నారు. టోన్ పూర్తిగా తగ్గించాను. డ్రైవ్ సున్నాకి తెచ్చినా ఈ పెడల్‌లో కాస్త గరగర మిగులుతుంది, అది కూడా గుచ్చుకుంటూనే ఉంది. మిక్సర్‌లో హై తగ్గిస్తే కందిరీగ పోయింది, దాంతోపాటు లీడ్‌లో ప్రాణమూ పోయింది. "తమ్ముడూ, అది ఆపెయ్, సింగర్‌కి ఇబ్బందిగా ఉంది" అన్నాడు కీబోర్డ్ అన్న. ఆ సాయంత్రమంతా పెడల్ ఆపేసి, మిక్సర్ రివర్బ్‌తో క్లీన్‌గా లాగించాను. ఎంతో ఇష్టపడి తయారు చేసుకున్న లీడ్‌లు అలా చప్పగా అయిపోయినందుకు నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

అసలు విషయం స్పీకర్‌లో ఉంది. గిటార్ ఆంప్‌లో ఉండే పది, పన్నెండు అంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక బాగా పడిపోతుంది. ఓవర్‌డ్రైవ్‌లో పుట్టే పదునైన గరుకంతా అక్కడే ఆగిపోతుంది. ఫంక్షన్ హాల్ స్పీకర్లలో సన్నటి పదును శబ్దాల కోసం హార్న్ ఉంటుంది. పాటకి అది కావాలి కూడా. కానీ ఆ గరుకుని ఉన్నదున్నట్టు బయటపెట్టేది అదే. అప్పటి నుంచి నా 20 వాట్ల ఆంప్ నేనే మోసుకెళ్తున్నాను. కుర్చీ మీద పెట్టి, ఎస్ఎమ్57 మైకుని స్పీకర్ నడిమధ్యకి, అంచుకి మధ్యలో గురిపెడతాను. మధ్యకి జరిపితే పదును ఎక్కువ, అంచుకి జరిపితే మెత్తన. ఆంప్ మోయలేనివాళ్ళకి క్యాబ్ సిమ్యులేటర్ (గిటార్ స్పీకర్‌లా శబ్దాన్ని మార్చేది) ఉన్న పెడల్ తప్పనిసరి.

ఇంకో చిన్న మేలు. జనరేటర్ మీద నడిచే ఫంక్షన్లలో చవక అడాప్టర్ హమ్ (గూ అనే మోత) లాగుతుంది. అప్పుడు 9 వోల్టుల బ్యాటరీ వేస్తే అడాప్టర్ వల్ల వచ్చే హమ్ ఉండదు. కరెంటు తక్కువే తింటుంది. పని అయ్యాక ఇన్‌పుట్ జాక్ తీసెయ్యాలి, లేకపోతే బ్యాటరీ ఊరికే అయిపోతుంది.

నాది సింగిల్ కాయిల్ పికప్ (తీగల శబ్దాన్ని పట్టుకునే భాగం) ఉన్న గిటార్, పక్కన ఎప్పుడూ కీబోర్డ్. కాబట్టి నాకు ఇది లేకుండా కుదరదు. రెండు కాయిల్స్ ఉండే హంబకర్ పికప్‌ల గిటార్‌తో, ముందే మిడ్ దండిగా ఉన్న ఆంప్‌తో వాయించేవాళ్ళకి ఇది మరీ ఎక్కువైపోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఒక్కరే వాయించుకునేవాళ్ళకి బేస్ తగ్గి పల్చగా అనిపిస్తుంది, నాకూ ఇంట్లో అలాగే అనిపిస్తుంది. వాళ్ళయితే ముందు ఆంప్ మీద డబ్బు పెట్టడం మంచిది. కొనేటట్టయితే మాత్రం షాపుకి మీ గిటార్ తీసుకెళ్ళండి, వీలైతే వెనకాల ఎవరినైనా కీబోర్డ్ వాయించమని అడిగి వినండి.