గేర్ లింకేజ్ విరిగితే వెల్డింగా, కొత్త రాడ్డా?

ఇంజన్ వెనక ఉండే పాత స్పోర్ట్స్ కార్లలో గేర్ లివర్ నుంచి గేర్‌బాక్స్ దాకా పొడవాటి రాడ్ వెళ్తుంది. ఈ రెంటినీ కలిపే ఆ అమరికే గేర్ లింకేజ్. ఆ రాడ్ విరిగితే వెల్డింగ్ చేయించడం తేలిక, బండి ఆ రోజే కదులుతుంది. కానీ వేడికి రాడ్ కాస్త వంగినా, పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చినా కొన్ని గేర్లు సరిగ్గా పడవు. వెల్డ్ పక్కనే మళ్లీ పగులు వస్తుందేమోనన్న టెన్షన్ వేరే. దగ్గర్లోని ప్లాస్టిక్ బుష్‌లు (రాడ్ కదిలే చోట్ల ఉండే చిన్న గొట్టాల్లాంటి ముక్కలు) తీయకుండా వెల్డ్ చేస్తే అవి కరిగిపోతాయి కూడా.

కొత్త రాడ్ దొరకాలంటే ఓపిక పట్టాలి. అయినా నా ఓటు దానికే. అరిగిన బుష్‌లనూ అప్పుడే మార్చేయండి. లివర్ వదులుగా ఊగడానికి చాలాసార్లు అవే కారణం. విప్పే ముందు పాత రాడ్ క్లాంప్‌లో (దాన్ని బిగించి పట్టుకునే భాగంలో) ఎంత లోపలికి ఉందో కొలిచి రాసుకోండి.