నలభై దాటినాక పియానో మీద కీర్తనలు, నా లాంగ్ టర్మ్ రివ్యూ

ముందే చెప్తా, చర్చిలో పాటకి తోడు వాయించడానికే అయితే దీని జోలికి రావద్దు బ్రదర్, 61 కీల కీబోర్డ్ చాలు, రిథమ్ అదే కొడతాది, శ్రుతి మార్చుకునే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటాది. పాడేవాళ్ళు లేకుండా, డ్రమ్స్ లేకుండా మొత్తం పాట రెండు చేతుల్లోనే వినిపించాల అంటే మాత్రం 88 వెయిటెడ్ కీల (అసలు పియానో లాగా బరువుగా నొక్కాల్సిన కీల) డిజిటల్ పియానో కొనండి. ఎకౌస్టిక్, అంటే లోపల తీగలుండే పియానో, ఎందుకు కొనలేదంటే ట్యూన్ చేసేవాళ్ళు కడపలో నాకు దొరకలే, ఇంక మా ఎండల సంగతి తెలిసిందే.

కీలు బరువు, మొదట్లో చిటికెనవేలు శానా నొప్పి పెడతాది. కానీ ఒకే చేత్తో పాటని గట్టిగా, కింద నోట్లని మెల్లగా పలికించాలంటే ఆ బరువే కావాల.

ఇంగ్లీష్ ట్యూన్లు నాలుగు గొంతులకి రాసినవి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వాయిస్తే చప్పగా ఉంటాది, ఆర్గన్‌లో కీ పట్టుకున్నంతసేపు సౌండ్ నిలుస్తాది, పియానోలో కొట్టిన వెంటనే తగ్గడం మొదలు. బేస్‌కీ (అన్నిటికంటే కింది గొంతు) టెనర్‌కీ (దాని పై గొంతు) మధ్య దూరం చాలాచోట్ల నా ఎడమచేతికి అందదు, అందుకని టెనర్‌ని కుడి బొటనవేలికి ఇస్తా, లేదంటే కార్డ్‌ని (కలిపి కొట్టే నోట్లని) విరిచి ఒక్కో నోటుగా వాయిస్తా, దాంతో సౌండ్ తగ్గిన ఖాళీ కూడా నిండుతాది.

అసలు మజా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఉంది. పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉన్నా అది చూడకుండా సి, ఎఫ్, జి కార్డులు కొట్టేసేవాళ్ళే మనలో ఎక్కువ. శంకరాభరణం అయితే పర్లేదు, అది మేజర్ స్కేలే. మోహనలో మ, ని లేవు, కాబట్టి సి ని స అనుకుంటే ఎఫ్ కొట్టినా (అందులో మ) జి కొట్టినా (అందులో ని) లేని స్వరం దూరిపోతాది. మాయామాళవగౌళలో ఇంకా తమాషా, సి ని షడ్జమం (స) అనుకుంటే రి వచ్చి డి ఫ్లాట్, జి మేజర్‌కి కావాల్సిన మామూలు డి లేదు, ఇంక జి మేజర్ ఎక్కడిది, పాట ముగించడానికి అందరూ వాడే జి నుంచి సి దారే ఉండదు. డి ఫ్లాట్ మేజర్ నుంచి సి కి దిగి చూడండి, ఒళ్ళు జలదరిస్తాది. ఇప్పుడు నేను చాలా కీర్తనలకి కార్డులు మానేసి ఎడమచేత్తో స, ప మాత్రమే శ్రుతిగా పట్టుకుంటా, మిశ్రచాపు (ఏడు లెక్కల తాళం) అయితే బేస్‌ని మూడు, నాలుగుగా విడగొడతా. గమకాలు (స్వరాన్ని ఊపి పలికించడం) మాత్రం రావు, పక్క కీ నుంచి జార్చి మాయ చేయడమే, సావేరి, ఆనందభైరవి రాగాలు నేనైతే వదిలేసినా.

కంప్లైంట్ అంతా నోట్లని నిలిపే కాలి పెడల్ మీదే. బాక్స్‌లో వచ్చింది ఉత్త ఆన్, ఆఫ్ స్విచ్. కింద శ్రుతి నిలవాల, పైన పాట కలగాపులగం కాకూడదు అంటే సగం తొక్కితే సగమే నిలిపే హాఫ్ పెడల్ కావాల, పియానో దాన్ని సపోర్ట్ చేస్తాదో లేదో కొనేముందే అడగండి. పైగా మా ఇంట్లో కడప బండలు, తొక్కితే చాలు పెడల్ జారి గోడ దాకా పోతాది, రబ్బర్ మ్యాట్ వేసినాకే నిలిచింది. పాలిఫోనీ (ఒకేసారి మోగగలిగే నోట్ల లెక్క) 64 ఉన్నదాంట్లో పెడల్ తొక్కి ఎక్కువ నోట్లు వాయిస్తే పాతవి తెగిపోతాయి, 128 ఉన్నది తీసుకోండి. లోపలి స్పీకర్లలో కింది స్థాయి శ్రుతి మసకగా ఉంటాది, హెడ్‌ఫోన్స్‌లో బాగుంటాది, రాత్రిపూట ఇంట్లో వాళ్ళకీ అదే మేలు.

ఐదుకి నాలుగు ఇస్తా. ఆ ఒకటి పెడల్‌కి కట్.