నీళ్లు తగిలాకే అసలు రంగు: పట్టు దారంతో ఫ్లైలు కట్టిన అనుభవం

ఫ్లై అంటే పురుగులా కనిపించేలా గాలానికి దారం, ఈక చుట్టి చేసే ఎర. అందులో పార్ట్‌రిడ్జ్ అండ్ ఆరెంజ్ అనే రకం ఎలా కట్టాలో చూపించే వీడియోలు బోలెడున్నాయి. గాలానికి నారింజ దారం, ముందు కౌజు పిట్ట ఈక ఒకటిన్నర చుట్టో రెండో, అంతే. ఆ పాఠం మళ్లీ చెప్పను. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉద్యోగం, వీలు దొరికిన శనివారాల్లో వార్ఫ్ నది. కొన్ని సీజన్లుగా ట్రౌట్ చేపల కోసం నేను ఎక్కువగా కట్టింది ఈ ఒక్క ఫ్లైనే. అందుకు కారణం ఈక కాదు, దారం. అసలు సిసలు పట్టు దారం.

రీలు మీద చూస్తే అది పెళ్లికూతురి జాకెట్టు అంచులా ధగధగా మెరుస్తుంటుంది. ఇంత నారింజ రంగు పురుగు ఏ ఏట్లో ఉంటుందని నాకూ అనుమానమే వచ్చింది. అప్పుడు కట్టిన ఫ్లైని గ్లాసు నీళ్లలో ముంచి చూశాను. చూస్తుండగానే మెరుపు చచ్చిపోయి, ఎరుపూ గోధుమా కలిసిన ముదురు రంగు తేలింది. సన్నటి పోగుల మధ్య గాలి ఉన్న చోటికి నీరు చేరితే దారం సగం పారదర్శకమవుతుంది, లోపలున్న గాలం కాడ నల్లగా నీడలా కనిపిస్తుంది. ఒక్క పొర చుడితేనే ఈ తమాషా. రెండో పొర పడిందా, ఆ నీడ పోయి ఒట్టి రంగే మిగులుతుంది. పాలియెస్టర్ తడిసినా పెద్దగా మారదు, ప్లాస్టిక్ ప్లాస్టిక్‌లాగే ఉంటుంది.

మైనం విషయంలో ఒక మాట. చెప్పులు కుట్టేవాళ్లు వాడే నల్లమైనం రాస్తే నారింజ పట్టు తడవకముందే ముదిరిపోతుంది. పసుపు పట్టుకి రాస్తే ఆలివ్ పచ్చ వస్తుంది. 1854లో ట్వీడ్ నది దగ్గర పుట్టిన గ్రీన్‌వెల్స్ గ్లోరీ అనే ఫ్లైకి ఆ రంగు అలా వచ్చిందే. నేను మాత్రం తేనెమైనం పలచగా రాసి ఊరుకుంటాను. నీళ్లలో రంగు మారే ముచ్చట ముందే అయిపోవడం నాకిష్టం లేదు.

ఇక అసలు గొడవ. జూన్ చివర్లో ఒక సాయంత్రం వార్ఫ్ ఒడ్డున బర్న్‌సాల్ ఊరికి దిగువన నిలబడి ఉన్నాను. నది పలచగా, గులకరాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉంది. చీకటి పడే ముందు బ్లూ వింగ్డ్ ఆలివ్ పురుగులు లేవడం మొదలైంది, ఎక్కడ చూసినా చేపలు పైకొస్తున్నాయి. అలాంటి సాయంత్రాలు ఏడాదిలో ఎన్నో రావు. మొదటి చేప పడింది. వదిలేసి ఫ్లై చూస్తే దారం మీద నూగు లేచింది. ట్రౌట్ పళ్లు చిన్నవే గానీ సూదుల్లా ఉంటాయి. ఇంకో చేప పడేసరికి ఒక పోగు తెగి, చుట్టలు వదులయ్యాయి. ఆ తర్వాతి చేపతో ఈక కాడ కూడా తెగి, మొత్తం విడిపోయి తోకలా వేలాడింది. మిగిలింది ఉత్త గాలం. కొత్తది తీసి, ఆ మసక వెలుతురులో చిన్న 16 నంబరు గాలం కంట్లోకి, అంటే దాని కొసనున్న రంధ్రంలోకి, చేపలు పట్టే లైను ఎక్కించడానికి కళ్లు చికిలించుకుంటూ అవస్థ పడ్డాను. రెండోదీ అంతే అయింది. మూడోది కట్టుకునేసరికి నది నిశ్శబ్దం. చేపలు పైకొచ్చినప్పుడు, పురుగులు లేచినప్పుడు, నా ఫ్లైలే నిలవలేదు. ఇంటికొచ్చేదాకా పళ్లు నూరుకుంటూనే ఉన్నాను.

పట్టు బిగించి చుట్టనివ్వదు, చెయ్యి కాస్త బరువైతే పుటుక్కున తెగుతుంది. బిగువు లేని చుట్టలు చేప నోట్లో ఎంతసేపు నిలుస్తాయి? దీనికి మందు మాత్రం పాతదే. స్కాట్లండ్‌కి చెందిన డబ్ల్యు.సి. స్టూవర్ట్ 1857లోనే ఈకని దారంతో కలిపి మెలేసి చుట్టమన్నాడు. నేను దాన్ని కొంచెం మార్చుకున్నాను. ఈకని ముందుగా గాలం కంటి దగ్గర కట్టేస్తాను. దారాన్ని వెనక్కి తీసుకెళ్లి ఫ్లై ఒళ్లు చుట్టుకుంటూ ముందుకొచ్చి, ఈకకి కొద్దిగా వెనకాల ఆపుతాను. ఈకని వెనక్కి రెండు చుట్లు తిప్పి, దాని కొసని దారంతో పట్టి, అదే దారాన్ని ఈక పోగుల మధ్య నుంచి అటూ ఇటూ ఆడిస్తూ కంటి దాకా తెస్తాను. అప్పుడు ఈక కాడని దారం అడ్డంగా దాటి పట్టేస్తుంది. కాడ ఒకచోట తెగినా మొత్తం ఊడిరాదు. నాలుగైదు పోగులు దారం కింద నలిగి వంకరపోతాయి, అందం తగ్గుతుంది, కానీ చేపలు ఇంతవరకూ ఫిర్యాదు చేయలేదు. ఒళ్లు మాత్రం ఇప్పటికీ నూగు లేస్తుంది. దానికి నా దగ్గర మందు లేదు. వార్నిష్ పూస్తే నీరు లోపలికి పోదు, ఇక పట్టు ఎందుకు?

రంగు గురించి పైన అంత ఎగిరి చెప్పాను గానీ, అది తేట నీళ్ల మాట. వానలకి కొండల మీద పీట్ నేలల (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన నల్ల నేలల) నుంచి టీ డికాక్షన్‌లా నీళ్లు దిగినప్పుడు పట్టుకీ పాలియెస్టర్‌కీ తేడా నాకైతే కనపడలేదు. పాలియెస్టర్‌కి కూడా చేపలు పడ్డాయి. తేట నీళ్లలో పట్టే నయం అని నా నమ్మకం. అయితే నేను ఎక్కువసేపు నీళ్లలో ఉంచేది పట్టు ఫ్లైనే కాబట్టి ఎక్కువ చేపలు దానికి పడటంలో వింతేముంది?

దొరకడం ఇంకో తలనొప్పి. అందరూ పేరు చెప్పుకునే పియర్సాల్స్ గాసమర్ అనే పట్టు దారం తయారీ ఆగిపోయింది. పాత రీళ్లు వేలంలో చుక్కలనంటే ధర పలుకుతున్నాయి. చీటీ చెరిగిపోయిన ఒక చెక్క రీలు నేనూ ఆన్‌లైన్‌లో కొన్నాను. రంగు అద్భుతం, చుట్టబోతే అడుగడుగునా తెగుతోంది. ఏళ్ల తరబడి వెలుతురు తగిలితే పట్టు లోపల చివికిపోతుంది, పైకి ఏమీ తెలియదు. అమ్మినతన్ని అడిగితే అది దాచుకునే వస్తువు, వాడుకునేది కాదన్నాడు! ఇప్పుడు క్విల్టింగ్ చేసేవాళ్లు వాడే వైఎల్ఐ కంపెనీ 100 నంబరు పట్టుతో గడుపుతున్నాను. సన్నగా, నునుపుగా బాగుంటుంది. అమ్మ హైదరాబాద్ నుంచి మగ్గం వర్క్ చేసే సిల్కు దారం కూడా తెచ్చింది. ఒక ముక్క కాలిస్తే వెంట్రుక కాలిన వాసన రాలేదు, కాగితం కాలిన వాసనొచ్చింది. రేయాన్. తడిస్తే అది ఇంకా బలహీనం, ఈ పనికి పనికిరాదు.

ఇంతకీ పట్టు ఎవరికి పనికొస్తుందంటే, నాలా ఏడాదికి కొద్ది రోజులే నది ముఖం చూసి, చలికాలం రాత్రులు గాలాన్ని బిగించి పట్టుకునే వైస్ ముందు కూర్చోవడమే సగం సంతోషం అనుకునేవాళ్లకి తప్పకుండా. చేపల లెక్క ముఖ్యమైనవాళ్లకి, మునివేళ్లు గరుకుగా ఉన్నవాళ్లకి చెప్పను, పోగు ప్రతిసారీ తగులుకుని ప్రాణం తీస్తుంది. ఇండియాలో హిమాచల్‌లోని తీర్థన్ లోయకి ఏడాదికోసారి వెళ్లే స్నేహితుడు అడిగితే పాలియెస్టరే కట్టుకోమన్నాను, అక్కడ ఫ్లైలు అయిపోతే కూర్చుని కట్టుకునే తీరిక అతనికుండదు. నా పెట్టెలో మార్చి 25న సీజన్ మొదలయ్యేసరికి రెండు వరసలు పట్టువి, ఒక వరస పాలియెస్టర్‌వి ఉంటాయి. చీకటి పడే వేళకి పాలియెస్టర్ వరసే తెరుస్తాను.