ఎండకీ చలికీ మారే ఆల్టిమీటర్: ఏళ్ల తరబడి వాడిన సిమ్యులేటర్ గురించి

గ్రాఫిక్స్, విమానాల లిస్టు, ఎంత ర్యామ్ కావాలి అన్నవి అందరూ రాసేశారు. హనుమకొండలో మా ఇంట్లో ఏళ్లుగా నడుస్తున్న ఈ ఫ్లైట్ సిమ్యులేటర్ మీద నాకింత ఇష్టం ఉండటానికి కారణం ఒక్కటే. ఇందులో ఆల్టిమీటర్, అంటే గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెప్పే పరికరం, నిజం విమానంలో లాగే వాతావరణాన్ని బట్టి తేడా చూపిస్తుంది.

మా దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టులో విమానాలు దిగడం 1981లోనే ఆగిపోయింది, అందుకే నా ప్రాక్టీసంతా శంషాబాద్‌కే. ఓ మే నెల మధ్యాహ్నం లైవ్ వెదర్ పెట్టుకుని, ఐఎల్ఎస్ (రన్‌వే దగ్గరి రేడియో సిగ్నల్ పట్టుకుని దిగే పద్ధతి) వదిలేసి జీపీఎస్ అప్రోచ్‌లో, అంటే జీపీఎస్ చూపే దారిలో, దిగుతున్నాను. అక్కడ 42 డిగ్రీల ఎండ. స్క్రీన్ మీద ఎత్తు చెప్పే బాణం సరిగ్గా మధ్యలో ఉంది, అంటే 3 డిగ్రీల వాలు మీదే ఉన్నట్టు. రన్‌వే పక్కన దిగే వాలు సరిగ్గా ఉందో లేదో రంగుతో చెప్పే పాపీ లైట్లు మాత్రం మూడు తెలుపు, ఒకటి ఎరుపు. ఉండాల్సిన దానికన్నా పైన ఉన్నానని అర్థం. చూసినవాళ్లెవరైనా బగ్ అనే అంటారు.

బగ్ కాదు. ఐఎల్ఎస్‌లో ఆ వాలు నేల మీది రేడియో సిగ్నల్ నుంచి వస్తుంది. ఇక్కడ వచ్చేది ఆల్టిమీటర్ లెక్క నుంచి. ఎండకి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి, రన్‌వే పైన 1000 అడుగులున్నామని సూది చూపిస్తున్నప్పుడు నిజానికి 1100 దాటి ఉంటాం. శంషాబాద్ ఎత్తులో ప్రామాణిక లెక్క ప్రకారం ఉండాల్సింది 11 డిగ్రీలే. అంత తేడాకి 3 డిగ్రీల వాలు 3.3 అవుతుంది, పాపీలో మూడో తెలుపు వెలుగుతుంది. ఈ వివరం దాకా పట్టించుకున్నారంటే తయారుచేసినవాళ్లకి దండం పెట్టాలి.

మన ఎండల్లో తప్పు పైవైపు ఉంటుంది, ప్రాణానికి ముప్పు లేదు. అదే కెనడాలో మైనస్ 30 పెట్టి చూడండి. 1000 అడుగుల దగ్గర దాదాపు 190 అడుగులు కిందుంటాం. ఎండీఏ, అంటే రన్‌వే కనబడేదాకా దాటి దిగకూడని ఎత్తు, లెక్కకట్టేటప్పుడు ఫైనల్‌లో (రన్‌వేకి ఎదురుగా దిగే ఆఖరి భాగంలో) అడ్డంకుల పైన మామూలుగా వదిలే ఖాళీ 75 మీటర్లు, అంటే 246 అడుగులు. అందులో 190 చలే తినేస్తే ఏం మిగిలినట్టు? ఆ 190 మనమే కలుపుకోవాలి, సిమ్యులేటర్ కలపదు.

జీపీఎస్ అప్రోచ్ ఐఎల్ఎస్‌కి ఏమీ తీసిపోదని చెప్పి స్నేహితుల చేత కూడా దీన్ని కొనిపించాను. కుడి ఎడమల వరకు ఆ మాట మీదే ఉన్నాను: ఫైనల్‌లో నియమం అడిగేది 0.3 నాటికల్ మైళ్ల కచ్చితత్వం, జీపీఎస్ అంతకన్నా చాలా బాగా నిలబెడుతుంది. ఎత్తు దగ్గర ఆ మాట చెప్పను.

కోపం తెప్పించేది కూడా ఇక్కడే ఉంది. రెండు అప్రోచ్‌లకీ స్క్రీన్ మీద ఒకే బాణం, ఒకే చోటు. తేడా ఏమిటో మాన్యువల్లో ఒక్క ముక్క లేదు. పైగా ఒక్క మీట నొక్కితే సరైన పీడనం దానంతటదే సెట్ అయిపోతుంది. ఆ అంకె తప్పితే ఏమవుతుందంటే, 2022 మేలో పారిస్ చార్లెస్ డీగాల్ ఎయిర్‌పోర్టు దగ్గర పీడనం 1001 హెక్టోపాస్కల్స్ అనాల్సింది కంట్రోలర్ 1011 అన్నారు. ఆ పది తేడాకే ఒక ఏ320 విమానం సుమారు 280 అడుగులు కిందుగా, వానలో, ఇలాంటి అప్రోచ్‌లోనే వచ్చింది. మళ్లీ పైకి లేచేసరికి నేల నుంచి అసలు ఎత్తు కొలిచే రేడియో ఆల్టిమీటర్ 6 అడుగులు చూపించింది. పైలట్లకి కనబడిన వాలు మాత్రం సరిగ్గానే ఉంది. నేర్చుకునేవాళ్లు ఆ మీట జోలికి వెళ్లకుండా పీడనం చేత్తోనే సెట్ చేసుకోవాలని గట్టిగా చెబుతాను.

కొనొచ్చా అంటే, నాకు లైసెన్స్ లేదు, చార్టులు చదవడం పిచ్చి ఉంది, అందుకని నాకు గిట్టుబాటైంది. ఊళ్లు పైనుంచి చూసి ఆనందించేవాళ్లకి ఇంత డబ్బు అక్కర్లేదేమో. లైవ్ వెదర్‌కి నెట్ నిలకడగా ఉండాలి. మా వీధిలో సాయంత్రాలు అది కష్టం, ఉష్ణోగ్రత నేనే టైప్ చేసి పెట్టుకుంటున్నాను.