85 సెంటీమీటర్ల అస్థిపంజరం: మసాజ్ శిక్షణలో రెండేళ్ల వాడకం తర్వాత

మసాజ్ థెరపీ కోర్సులో చేరగానే అందరూ కొనేది గోడకు తగిలించే కండరాల చార్టు. రంగులు బాగుంటాయి, గది నిండుగా ఉంటుంది, చేతికి మాత్రం ఏమీ నేర్పదు. ఆ డబ్బు ముందుగా బొమ్మ అస్థిపంజరం మీద పెట్టడం మేలు. కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో తెలియాలంటే ముందు ఎముక తెలియాలి.

85 సెంటీమీటర్లంటే మనిషిలో దాదాపు సగం. బెంగళూరులో మారతహళ్లి వైపు పీజీ గదుల్లో నిలువెత్తు బొమ్మ పెడితే మంచానికి చోటుండదు. ఇదైతే టేబుల్ మూలన నిలబడుతుంది. పుర్రె పైకప్పు ఊడి వస్తుంది, దవడకు స్ప్రింగులుంటాయి, చేతులూ కాళ్లూ కొక్కేలతో తగిలించినవి.

ఉత్తినే ముందు పెట్టుకుని పేర్లు బట్టీ పడితే ఇదీ చార్టులాంటిదే. దీన్ని పనికొచ్చేలా చేసేది స్వెటర్లు అల్లే ఊలు దారం. ‘మెడ పట్టేసింది, పక్కకు తిరగట్లేదు’ అని వచ్చేవాళ్లలో తరచూ చేతికి గట్టిగా తగిలేది లెవేటర్ స్కాపులే అనే కండరం. మెడలోని మొదటి నాలుగు పూసల పక్క కొమ్ముల నుంచి నాలుగు పోగులు తీసుకుని, స్కాపులా పైమూలకు, అంటే వీపు మీద రెక్కలా తేలే ఎముక లోపలి అంచు పైకొసకు కట్టండి. ఈ సైజులో కొమ్ములు మరీ చిన్నవి, ముడి నిలవదు. రెండు వైపులా అంటుకునే టేప్ చిన్న ముక్క పెట్టి దారం నొక్కితే సరిపోతుంది. ఇప్పుడు దాని మీద ట్రపీజియస్ అనే వెడల్పాటి కండరానికి ఇంకో రంగు దారం: పుర్రె వెనక నుంచి, మెడ నడిమీద నుంచి, టీ12 పూస (పక్కటెముకలున్న పూసల్లో పన్నెండోది) వరకు బయల్దేరి కాలర్ బోన్ బయటి మూడో వంతుకు, అక్రోమియన్‌కు (భుజం కొసన తగిలే ఎముక), స్కాపులా గట్టుకు. భుజం మీద బొటనవేలు పెట్టగానే తగిలేది పైనున్న ట్రపీజియస్ అనీ, లెవేటర్ దాని అడుగున దాక్కుందనీ అప్పుడు కళ్లకు కడుతుంది. ఇక పేరు బట్టీ పట్టక్కర్లేదు. లెవేటర్ అంటే ఎత్తేది, స్కాపులే అంటే స్కాపులాది. ఫ్లెక్సర్ కార్పై రేడియాలిస్ కూడా అంతే: మడిచేది, మణికట్టుది, రేడియస్ (ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక) వైపుది. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు లాటిన్ భయం పోవడానికి ఇంతకంటే దగ్గర దారి లేదు.

నడుము దగ్గర కూడా ఈ దారమే అక్కరకొస్తుంది. క్వాడ్రేటస్ లంబోరమ్ అనే నడుము కండరానికి తుంటి ఎముక పైగట్టు నుంచి 12వ పక్కటెముకకు, నడుము పూసల్లో మొదటి నాలుగింటి పక్క కొమ్ములకు దారం కట్టి చూడండి. వెన్ను పక్కనే నిటారుగా నొక్కితే చేయి దానికి తగలదు, ముందు వెన్నును నిలబెట్టే మందపాటి కండరాలు అడ్డొస్తాయి. వాటి బయటి అంచు దాటి, పక్క నుంచి వెన్ను వైపు నెమ్మదిగా పోవాలి. 12వ పక్కటెముక ముందు కొస దేనికీ అతకని తేలే ఎముక, వెనక ఆ మేరలోనే కిడ్నీ ఉంటుంది. అక్కడ మోచేయి పెట్టి బరువు వేయకూడదు.

రబ్బరు బ్యాండ్లు వాడకండి. కొన్నాళ్లకు జిగురుగా మారి ఎముకకు అంటుకుపోతాయి. పర్మనెంట్ మార్కర్ ఇంకా చెడ్డది: పీవీసీలోకి సిరా ఇంకి గీత చెదిరిపోతుంది, మళ్లీ పోదు. మాస్కింగ్ టేప్ మీద రాసి అంటించండి. మొదలుకు ఎరుపు, అతుకుకు నీలం అన్నది పాఠ్యపుస్తకాల పద్ధతి, దాన్నే పాటిస్తే పుస్తకం తెరిచినప్పుడు తికమక ఉండదు. భుజం కొక్కెం వదులైతే తాళంచెవుల రింగు వేయండి. ఫెవిక్విక్ వేస్తే కీలు శాశ్వతంగా బిగుసుకుంటుంది.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది, స్కాపులాను పక్కటెముకలకు బిగించేయడం. నిజమైన ఒంట్లో చేయి పూర్తిగా 180 డిగ్రీలు పైకెత్తితే, సుమారు 120 భుజం కీలుది, మిగతా 60 స్కాపులా పక్కటెముకల మీద జారి తిరగడం వల్ల వచ్చేది. బొమ్మ ఈ సగం కథ దాచేస్తుంది. మణికట్టులోని ఎనిమిది ఎముకలూ ఒకే ముద్దగా పోసి ఉంటాయి. లిగమెంట్లు, అంటే ఎముకకు ఎముకను కట్టే పట్టీలు, లేవు. అన్నీ పక్కన పెట్టినా ప్లాస్టిక్ మీద వేలికి ఒత్తిడి తెలియదు.

అందుకే బొమ్మ పక్కన కనుబొమల పెన్సిల్ ఒకటి ఉండాలి. తోటి విద్యార్థి వీపు మీద, నూనె రాయకముందే గీయాలి. మెడ వంచితే పొడుచుకొచ్చే పూస సాధారణంగా సీ7, అంటే మెడ పూసల్లో ఏడోది. స్కాపులా కింది మొన టీ7కు దగ్గర్లో, రెండు తుంటి గట్లను కలిపే గీత ఎల్4 (నడుము పూసల్లో నాలుగోది) దగ్గర. చేతులు పక్కన పెట్టుకుని ఉన్నప్పుడే ఈ లెక్క. బోర్లా పడుకుని చేతులు టేబుల్ కిందికి వేలాడేస్తే స్కాపులా బయటికి జారిపోతుంది, లెక్క తప్పుతుంది. పూస ఒకటి అటూ ఇటూ కావడం మనుషుల్లో మామూలే. చెరపడానికి కొబ్బరినూనె చాలు. మెడ ముందు వైపు, గజ్జల్లో, మోకాలి వెనక గుంటలో వేలి కింద నాడి కొట్టుకుంటే వెంటనే చేయి తీయాలి.

ఫిజియాలజీకి, అంటే ఒళ్లు పనిచేసే తీరు తెలుసుకోవడానికి, బొమ్మ పనికిరాదు. దానికి అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల దగ్గర దొరికే నర్సింగ్ మొదటి ఏడాది పాఠ్యపుస్తకం చాలు, ఎంబీబీఎస్ సంపుటాలు మోయక్కర్లేదు. అందులో రక్తప్రసరణ అధ్యాయం రెండుసార్లు చదవండి. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు, మసాజ్ చేయకుండా డాక్టర్ దగ్గరికి పంపాలి. ఈ ఒక్క ముక్క కోసమైనా ఆ పుస్తకం కొనాలి. మసాజ్‌తో లాక్టిక్ ఆసిడ్ బయటికి పోతుందని ఇప్పటికీ క్లాసుల్లో చెబుతుంటారు. వ్యాయామం తర్వాత సుమారు గంటలోనే దాన్ని ఒళ్లే సర్దేసుకుంటుంది. మర్నాడో ఎల్లుండో తెలిసే ఒళ్లునొప్పులకు కారణం అది కాదు.

ఫోన్‌లో 3డీ యాప్ ఉంటే పొరలు తీసి చూడటానికి బాగుంటుంది, బొమ్మకు బదులు మాత్రం కాదు. అన్నట్టు, లాటిన్ పేర్లన్నీ వచ్చాక బెంగళూరులో మరో మూడు కన్నడ మాటలు కావాలి. ఇక్కడ టేబుల్ ఎక్కేవాళ్లు ‘కుత్తిగె’ అంటే మెడ, ‘సొంట’ అంటే నడుము, ‘బెన్ను’ మన వెన్నే.

బొమ్మ వచ్చిన రోజే పెట్టె పారేయకుండా పూసలు లెక్కపెట్టండి: మెడకు 7, పక్కటెముకలున్నవి 12, నడుముకు 5. తర్వాత కాళ్లు చూడండి. మోకాలి కింది రెండు ఎముకల్లో సన్నటిదైన ఫిబులా బయటి వైపు ఉండాలి, తొడ ఎముకను తాకకూడదు. లోపలి వైపు కనబడితే కుడి కాలు ఎడమకు తగిలించారన్నమాట. కొక్కేలు తీసి మార్చుకుంటే సరి.